తొలివానకి మీ మళ్ళలో బోదురు కప్పలు అరిచాయా?

పర్లాకిమిడి రైతు: మహేంద్రతనయ ఏటి పక్కన మాకు రెండెకరాల పల్లం ఉంది. నా చిన్నప్పుడు తొలివాన పడిన రాత్రి కప్పల అరుపుకి నిద్ర పట్టేది కాదు. తెల్లారి చూస్తే పసుపు పూసినట్టు మగ బోదురు కప్పలు, గొంతుకి రెండు పక్కలా నీలం బుడగలు. ఈ ఏడు ఊడుపులైపోయాయి, రెండో మూడో వినిపించాయంతే. మీ వైపు ఎలాగుంది?

సిరొంచ పోరడు: మాకాడ గూడ గంతే అన్నా. వానలు పడకుంటే కప్పను రోకలికి గట్టి, యాపమండలు పెట్టి కప్పతల్లి ఆడుతుంటిమి. ఆడోళ్ళు బిందెలతోని నీళ్ళు గుమ్మరిస్తుండె. పోయినేడు మా పోరగాళ్ళు కుంటలన్నీ తిరిగినా కప్ప దొరకలే. మనసుకు మస్తు బాధైంది.

గుణుపురం మాస్టారు: కప్ప చర్మంతో కూడా గాలి పీలుస్తుంది, దాని గుడ్డుకి పెంకు ఉండదు. మడిలో కొట్టిన మందు నేరుగా ఒంట్లోకే పోతుంది. వరికి పట్టే సుడిదోమనీ మొగిపురుగు రెక్కల పురుగునీ ఊరికే తినిపెట్టే జీవిని మనమే చంపుకుంటున్నాం. విదేశాల వాళ్ళ పళ్ళేల్లోకి మన కప్ప కాళ్ళు పోతుంటే 1987లో ఎగుమతి ఆపారు. మరి ఈ మందుల్ని ఎవరాపాలి? కోస్టారికా, పనామాల్లో దోమల్ని తినే కప్పలు బూజు తెగులుకి పోయాక మలేరియా పెరిగిందని 2022లో ఒక పరిశోధన వచ్చింది. మల్కన్‌గిరిలో, గడ్చిరోలిలో జ్వరాలు చూసినవాళ్ళకి ఆ మాట బాగా తెలియాలి.

జయపురం కోడలు: మాస్టారూ, అల్లం తవ్వుతుంటే వానపాములాంటిది, అంతకంటే లావుది, ఒంటినిండా ఉంగరాలున్నది వచ్చింది. పాముపిల్లనుకుని మా మావయ్య కొట్టేశారు. అదేంటండీ?

గుణుపురం మాస్టారు: మీరు చెప్పిన పోలికల్ని బట్టి అది కాళ్ళు లేని ఉభయచరం అయ్యుండొచ్చమ్మా, కప్పకి చుట్టమే. తూర్పు కనుమల తడినేలలో ఉంటాయి, వానపాముల్నీ చెదల్నీ తింటాయి. కాటు భయం లేదు. ఈసారి కనిపిస్తే మట్టి కప్పేయమని మావయ్యగారికి చెప్పండి.

జయపురం కోడలు: అయ్యో. తప్పకుండా చెప్తానండీ.

సిరొంచ పోరడు: మందు కొట్టకుంటే వరికి సుడిదోమ పడ్తది గద సార్, ఏం జెయ్యాలె?

పర్లాకిమిడి రైతు: తమ్ముడూ, నేను పూర్తిగా మానలేదు. పురుగు కనిపించినప్పుడే, కనిపించిన మడికే కొడుతున్నాను. మూలనున్న గోతిలోకి ఆ మందు నీరు దిగకుండా అడ్డుగట్టు వేశాను. నిన్న పొద్దున్న గోతి మీదకి వాలిన కొమ్మకి తెల్లగా నురగ ముద్ద కనిపించింది, చెట్టుకప్ప గూడు. పిల్లలు అందులోంచి నీళ్ళలోకి జారతాయట. ముట్టుకోకుండా వచ్చీసాను.