చిన్న ఎస్‌యూవీ కొంటున్నాం: మన సీమ ఎండలకి, ఘాట్లకి డీజిలా, టర్బో పెట్రోలా? వాడేవాళ్ళు చెప్పండి

ఏడురోడ్ల_కడప:
అన్నలకీ అక్కలకీ నమస్తే. మాది కడప. ఇంట్లో అయిదుగురం, అమ్మా నాన్నా, నేనూ మా ఆవిడా, ఒక పాప. నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ తీసుకోవాలని ఖాయమైంది, మోడల్ కూడా దాదాపు ఖాయమే. పేరు రాయను, దయచేసి మీరు కూడా మీ బండి పేరు రాయొద్దు, పేరొచ్చిందంటే అసలు సంగతి పక్కకుపోయి కంపెనీల గొడవ మొదలైతాది. తేలనిది ఇంజనే. అదే కారు 1.0 లీటర్ మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్‌లో ఉంది, 1.5 డీజిల్‌లో ఉంది, ఆన్‌రోడ్ తేడా లక్షా ఇరవై వేల దాకా చెప్తున్నారు. మా బావమరిది డీజిల్ తప్ప వేరేది వద్దంటాడు, షోరూం అతను పెట్రోలే తీస్కోండి సార్ అంటాడు. మా వాడకం చూస్తే రోజూ స్కూలు, ఆఫీసు, మార్కెట్, అంతా కలిపినా పది కిలోమీటర్లు కాదు. నెలకొకసారి మాత్రం తిరుపతో, లేదంటే అత్తగారి ఊరు రాయచోటో పోతాం, రాయచోటి అంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగాల్సిందే. కొత్త బండి తీసుకుని వాడుతున్నవాళ్ళు మీ అనుభవం చెప్పండి, యూట్యూబ్ రివ్యూలు చూసి చూసి తల తిరుగుతాంది.

హంద్రీ_ఒడ్డు:
కర్నూలు నుంచి. డీజిల్ మాన్యువల్, తీసుకుని ఏడాది దాటింది. తమ్ముడూ మీ బావమరిది మాటే కరెక్టు. బ్రోచర్‌లో 120 హార్స్‌పవర్ అని చూసి టర్బో పెట్రోల్‌కి పోవద్దు, పవర్ దగ్గర రెండూ ఒకటే, చూడాల్సింది టార్క్, అంటే బండిని గుంజే బలం. ఈ సైజు టర్బో పెట్రోల్‌కి 170 న్యూటన్ మీటర్ల చిల్లర ఉంటే 1.5 డీజిల్‌కి 250 దాకా ఉంటాది, అది కూడా తక్కువ ఆర్‌పీఎంలోనే, అంటే ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడే దొరుకుతాది. మేము శ్రీశైలం పోయేటప్పుడు ఆత్మకూరు దాటి దోర్నాల నుంచి ఘాట్ ఎక్కుతాం, అయిదుగురు, లగేజీ, ఏసీ ఫుల్లు, మూడో గేర్లో అట్లా గుంజుకుపోతాది, ముందు బస్సు ఉంటే దాటడానికి గుండె దడ ఉండదు. చిన్న ఇంజన్‌ని రెండో గేర్లో అరిపించుకుంటా ఎక్కే అవసరమేంది? మైలేజీ హైవేలో 20 దగ్గర, కర్నూలు టౌన్లో 15 కి తగ్గలేదు.

క్లాక్‌టవర్_అనంత:
నాది టర్బో పెట్రోల్, అనంతపురం. అన్నా మీరు చెప్పిన ఘాట్ సంగతి కాదనను, కానీ అడిగిన మనిషి వాడకం చూడండి, రోజూ పది కిలోమీటర్ల లోపు! ఇప్పటి బీఎస్6 పొగ రూళ్ళ డీజిల్‌ బండికి పొగలో మసిని పట్టే డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటాది కదా, అది ఇంత తక్కువ తిరుగుడుకి మసి పట్టి మూసుకుపోతాది. మా ఇంటి పక్కన ఒకాయన డీజిలే తీసుకున్నాడు, పాతూరు సందుల్లో అంగడికీ ఇంటికీ తప్ప బండి బయటికి పోదు, వార్నింగ్ లైటు వచ్చినప్పుడల్లా పనులన్నీ మానుకుని బండిని హైవే ఎక్కించి గుత్తి వైపు తోలుకుపోవాల, కారు కొనుక్కున్నది మన అవసరానికి గాని ఫిల్టర్ కడుపు ఖాళీ చెయ్యడానికా?

ఘాట్ గురించి కూడా ఒక మాట. 1800 ఆర్‌పీఎం కింద టర్బో పెట్రోల్ బద్ధకంగానే ఉంటాది, నిజమే. ఆ పైన ఉంచుకుని తోలితే నాకు తిరుమల ఘాట్లో ఎక్కడా తక్కువ అనిపించలేదు. గేరు మార్చడం అలవాటు చేసుకోవాల, అంతే.

హంద్రీ_ఒడ్డు:
డీపీఎఫ్ పేరు చెప్పి జనాన్ని బాగా భయపెట్టినారు. నా బండికి ఇప్పటి దాకా ఒక్క లైటూ రాలేదు. ఆదివారం ఓర్వకల్లు దాకానో నంద్యాల దాకానో పోయొస్తే చాలు, అదే శుభ్రం చేసుకుంటాది.

స్పానర్_పట్టినోడు:
అనంతపురంలో సొంత షెడ్డు, ముందు కంపెనీ సర్వీస్‌లో పనిచేసినా. ఇద్దరూ సగం సగం చెప్తాండారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

డీపీఎఫ్‌లో పట్టిన మసిని బండే కాల్చుకుంటాది, దాన్నే రీజెన్ అంటారు, దానికి పొగగొట్టంలో వేడి 600 డిగ్రీల దగ్గరికి పోవాల. స్కూలుకి పోయి ఆపేసి, మళ్ళీ మార్కెట్‌కి పోయి ఆపేసే బండిలో ఆ వేడి రాదు. ఒక పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా ఒకే స్పీడులో పోతే అయిపోతాది, హంద్రీ అన్న చెప్పిన నంద్యాల ట్రిప్పు దానికే పనికొస్తాంది. అసలు చిక్కు ఎక్కడంటే రీజెన్ జరుగుతా ఉంటే తెలీక ఇంటి ముందర ఇంజన్ ఆపేస్తారు. గుర్తు ఏందంటే ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ ఆడుతున్నప్పుడు, ఆర్‌పీఎం మామూలు కంటే కొంచెం ఎక్కువ చూపిస్తాది, బండి ఆపినాక కూడా ఫ్యాను గట్టిగా తిరుగుతా ఉంటాది, మైలేజీ మీటరు ఉన్నట్టుండి పడిపోతాది. ఇట్ల మాటిమాటికి మధ్యలో ఆపేస్తే మసి కాల్చడానికని ఎక్కువ కొట్టిన డీజిల్ కొంత పోయి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తాది. నా దగ్గరికి వచ్చిన బండ్లలో ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీస్తే ఆయిల్ తగ్గడం పోయి పెరిగి ఉంటాది. ఓనర్లు ఆయిల్ తాగట్లేదని సంతోషపడతారు, అది సంతోషపడే సంగతి కాదు. ఆయిల్ పలచబడితే టర్బోకి దెబ్బ, బేరింగులకి దెబ్బ.

కాబట్టి నెలకొకసారి మాత్రమే హైవే ఎక్కే మనిషికి నేనైతే డీజిల్ చెప్పను. వారానికొకసారి పోయే మనిషికి ఏ భయమూ లేదు, నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఏడురోడ్ల_కడప:
అన్నా ఇంత వివరంగా సర్వీస్ సెంటర్‌లో కూడా ఎవరూ చెప్పలేదు, చాలా థ్యాంక్స్. డబ్బు లెక్క కూడా ఎవరన్నా చెప్తే బాగుంటాది, లక్షా ఇరవై ఎప్పటికి తిరిగొస్తాది?

లెక్కల_ప్రొద్దుటూరు:
నేను చెప్తా. మన రాష్ట్రంలో పెట్రోల్ 110 దగ్గర, డీజిల్ 97 దగ్గర అనుకుందాం. టౌనూ హైవే కలిపి డీజిల్ 18 ఇస్తే కిలోమీటరుకి అయిదు రూపాయల నలభై పైసలు, టర్బో పెట్రోల్ పన్నెండున్నర ఇస్తే ఎనిమిది రూపాయల ఎనభై పైసలు. తేడా మూడు రూపాయల నలభై పైసలు. లక్షా ఇరవై వేలని దాంతో భాగిస్తే 35,000 కిలోమీటర్లు. మీ వాడకానికి ఏడాదికి ఏడెనిమిది వేలు తిరుగుతాది, అంటే నాలుగైదేళ్ళు. అప్పు మీద తీసుకుంటే ఆ లక్షా ఇరవైకి వడ్డీ కూడా కలుపుకోండి, ఇంకా దూరం పోతాది. డీజిల్ సర్వీసు ఖర్చు కూడా కొంచెం ఎక్కువే.

ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ మారింది కదా, అంతకుముందు నాలుగు మీటర్ల లోపు పెట్రోల్ బండికి సెస్సుతో కలిపి 29 శాతం, డీజిల్‌కి 31 శాతం ఉండేది, ఇప్పుడు 1200 సీసీ లోపు పెట్రోలైనా 1500 సీసీ లోపు డీజిలైనా 18 శాతమే. పాత ధరలు చూసి లెక్కలేసిన వీడియోలు నమ్మొద్దు.

హంద్రీ_ఒడ్డు:
లెక్క బాగుంది గాని పన్నెండున్నర అనేది ఎవరిస్తున్నారు? ఎండాకాలం కర్నూలులో 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఏసీ నాలుగు మీద పెట్టి టౌన్లో తోలితే మా ఫ్రెండ్ టర్బో పెట్రోల్ పది కూడా దాటదు. పైగా ఇప్పుడు అన్ని బంకుల్లో ఈ20 పెట్రోలే. ఇథనాల్‌కి పెట్రోల్ కంటే శక్తి మూడో వంతు తక్కువ, 20 శాతం కలిపితే లెక్క ప్రకారమే ఆరేడు శాతం పోయినట్టు. లీటరుకి అదే 110 కడుతున్నాం. ఏ పెట్రోల్ పోయించుకోవాలో మాకు ఎంపిక ఉండొద్దా? పెట్రోల్ వాళ్ళు ఇది ఎందుకు గట్టిగా అడగరో నాకర్థం కాదు.

క్లాక్‌టవర్_అనంత:
అడుగుతానే ఉన్నాం అన్నా. ఈ20 విషయంలో మీతో నాకు పేచీ లేదు, నాకూ కోపంగానే ఉంది. కానీ 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన కొత్త బండ్లు ఈ20 తట్టుకునేట్టే చేసినవి, ఇంజన్ పాడవుతుందన్న భయం కొత్తగా కొనేవాళ్ళకి అక్కర్లేదు, మైలేజీ దెబ్బ మటుకు ఒప్పుకోవాల్సిందే. నాకు టౌన్లో 11, బెంగళూరు పోయేటప్పుడు ఎన్‌హెచ్ 44 మీద 90 లో పోతే 17 వస్తాంది. 110 లో పోతే 14 కి పడిపోతాది. డీజిల్‌కి ఇంత తేడా ఉండదు, నిజమే.

కర్నూలు_టీచరమ్మ:
అందరూ ఇంజన్ దగ్గరే ఆగిపోయినారు, ఫ్యామిలీ కారు అన్నప్పుడు ఆ ఫ్యామిలీ ఎక్కి కూర్చోవాల కదా తమ్ముళ్ళూ. మాది కూడా ఇదే సైజు, పెట్రోల్. మా అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు, పాత హ్యాచ్‌బ్యాక్‌లో కూర్చోవాలంటే కిందికి దిగినట్టు ఉండేది, దీంట్లో సీటు నడుము ఎత్తుకి ఉంది, అట్లా పక్కకు తిరిగి కూర్చుంటాది, ఆమెకి ఆ ఒక్కటే చాలు. కానీ వెనక ముగ్గురు పెద్దవాళ్ళు అంటే కర్నూలు నుంచి మంత్రాలయం దాకా సరే, తిరుపతి దాకా కాదు. వెడల్పు 1800 మిల్లీమీటర్ల లోపే, మధ్యలో కూర్చున్నవాళ్ళకి వీపు వెనక ఆర్మ్‌రెస్ట్ గట్టిగా గుచ్చుకుంటాది. తమ్ముడూ మీ ఇంట్లో అయిదుగురు కాబట్టి అమ్మానాన్నని, మధ్యలో పాపని కూర్చోబెట్టి చూసుకోండి, షోరూంకి అందర్నీ తీసుకుపోండి. మధ్య సీటుకి కూడా మూడు పాయింట్ల బెల్టు ఉందా, తల ఆనించుకునే దిండు ఉందా అని చూడండి, పాప కూర్చునేది అక్కడే.

పెద్ద సన్‌రూఫ్‌కి లక్ష దాకా ఎక్కువ పెట్టొద్దని నా గట్టి మాట. మన ఎండకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా దాని కింద తెర మూసే ఉంచాల, తెర మూసినా మధ్యాహ్నం పూట పైనుంచి సెగ తెలుస్తానే ఉంటాది. ఆ డబ్బుతో ముందు సీట్లకి గాలి వచ్చే వేరియంట్ దొరికితే అది తీసుకోండి, వెనక ఏసీ వెంట్లు ఉన్నది తీసుకోండి. పిల్లలు, పెద్దవాళ్ళు కూర్చునేది వెనకే.

క్లాక్‌టవర్_అనంత:
అక్క చెప్పింది వంద శాతం. నేను సన్‌రూఫ్ లేనిదే తీసుకున్నా, తెల్లరంగు.

మైదుకూరు_బండి:
సీఎన్‌జీ ఎవరూ మాట్లాడట్లేదేం? కిలోమీటరుకి అన్నిటికంటే చవక.

లెక్కల_ప్రొద్దుటూరు:
చవకే, కానీ మన వైపు బంకులు తక్కువ, క్యూలు ఎక్కువ, పైగా సిలిండర్ పెడితే డిక్కీ తగ్గుతాది. అయిదుగురు లగేజీతో తిరుపతి పోయే ఇంటికి నేను చెప్పను.

ఏడురోడ్ల_కడప:
డీజిల్ వద్దనే వైపే మనసు పోతాంది, కానీ ఘాట్ ఒక్కటే గుచ్చుతాంది. గువ్వలచెరువు దగ్గర లారీలు ఎట్ల పోతాయో చూసినవాళ్ళకి తెలుసు, మలుపుల్లో లారీ వెనక ఇరుక్కుని, దాటేటప్పుడు బండి గుంజకపోతే అమ్మానాన్న వెనక కూర్చుని ఉంటారు. ఆటోమేటిక్ తీసుకుంటే? మా ఆవిడ కూడా తోలుతుంది, ఆమెకి ఆటోమేటిక్కే కావాలి.

స్పానర్_పట్టినోడు:
ఆటోమేటిక్ అంటే ఏ రకమో అడగండి, అందరూ ఆటోమేటిక్ అనే ఒక్క మాటతో అమ్మేస్తారు. రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ అయితే, అందులోనూ ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ అయితే (ఆయిల్‌లో ఉండేది వెట్), ఘాట్లో లారీ వెనక నడక స్పీడులో పాకినప్పుడు క్లచ్ వేడెక్కుతాది, యాక్సిలరేటర్ మీదే బండిని ఎత్తులో నిలబెట్టే అలవాటు ఉంటే ఇంకా తొందరగా. బ్రేకు తొక్కి నిలబెట్టాల, ముందు కొంచెం జాగా వచ్చినాక ఒక్కసారిగా కదలాల. క్లచ్ బదులు ఆయిల్ ద్వారా బలం పంపే టార్క్ కన్వర్టర్ అయితే ఆ బాధ తక్కువ, మైలేజీ కొంచెం తక్కువ ఇస్తాది గాని మన ఘాట్లకి నేను దానికే ఓటేస్తా. మాన్యువల్ గేర్‌బాక్స్‌నే మెషిన్‌తో మార్చే ఏఎంటీ చవక, గేరు మారేటప్పుడు కుదుపు ఉంటాది, ఘాట్లో మాన్యువల్ మోడ్‌లో పెట్టుకుని తోలితే పర్వాలేదు.

దిగేటప్పుడు ఏ రకమైనా కింది గేర్లో పెట్టి దిగండి, ఊరికే బ్రేకు తొక్కుకుంటా దిగితే డిస్కులు కాలిపోయి వాసన వస్తాది. గువ్వలచెరువులో లారీలకి జరిగేది చాలావరకు అదే.

ఇంగో ముఖ్యమైన సంగతి, ఇది పెట్రోలుకీ డీజిలుకీ ఇద్దరికీ. మన బోరు నీళ్ళు ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్ళు. దారిలో టెంపరేచర్ పెరిగిందని ఎవరో ఒకరు బోరు నీళ్ళు పట్టి రేడియేటర్‌లో పోస్తారు. చిన్న టర్బో ఇంజన్లకి వేడి ఎక్కువ, నీళ్ళ దారులు సన్నం, ఆ సున్నం పేరుకుంటే ఖర్చు వేలల్లో కాదు లక్షల్లో వస్తాది. కంపెనీ చెప్పిన కూలెంట్ లీటరు డబ్బా ఎప్పుడూ డిక్కీలో పెట్టుకోండి. వేడి మీద ఉన్నప్పుడు మూత తియ్యొద్దు.

హంద్రీ_ఒడ్డు:
కూలెంట్ మాట బంగారం. మా వైపు ఎవరూ పట్టించుకోరు.

తమ్ముడూ నా మాట నేను మార్చుకోను. రాయచోటి నెలకొకసారి అంటున్నావు గాని కారొచ్చినాక నెలకొకసారి ఉండదు, గండికోట అంటారు, అహోబిలం అంటారు, పెళ్ళిళ్ళు, పండగలు, మన సీమలో ఎక్కడికి పోవాలన్నా వంద కిలోమీటర్లు. అప్పుడు ప్రతి బంకు దగ్గరా డీజిలే గుర్తొస్తాది. ఢిల్లీ వైపు పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లని ఆపాలని పెట్టిన రూలు చూసి డీజిల్‌కి రీసేల్ లేదని కూడా చెప్తారు, అది మన రాష్ట్రంలో లేదు, మన ఆర్‌సీ పదిహేనేళ్ళు, కర్నూలు పాత బండ్ల మార్కెట్లో ఇప్పటికీ మొదట అడిగేది డీజిలే.

క్లాక్‌టవర్_అనంత:
వాడకం పెరిగితే మీ మాటే నిజం అన్నా. పెరగకపోతే ఆ మనిషి అయిదేళ్ళు డీపీఎఫ్ లైటు చూసుకుంటా ఉండాల. రోజూ జరిగేదాన్ని చూసి కొనాలనేది నా మాట.

ఏడురోడ్ల_కడప:
ఇద్దరి మాటా అర్థమైంది. షోరూం అతనికి ఫోన్ చేసినా, టెస్ట్ డ్రైవ్ టౌన్లో రెండు కిలోమీటర్లు కాదు, గువ్వలచెరువు దాకా ఇస్తేనే వస్తానని చెప్పినా. మొదట ఇంత దూరం ఇవ్వం అన్నాడు, తర్వాత ఆదివారం పొద్దున్నే రమ్మన్నాడు. టర్బో పెట్రోల్ టార్క్ కన్వర్టర్ లేదంట ఈ మోడల్‌లో, డ్యూయల్ క్లచ్చే. డ్రైయా వెట్టా అంటే కనుక్కొని చెప్తా అన్నాడు. అమ్మ, నాన్న, పాప అందరం పోతాం. వచ్చేటప్పుడు గువ్వలచెరువు పాలకోవ కూడా తెచ్చుకోవాలంట, అది పాప ఆర్డరు.

కర్నూలు_టీచరమ్మ:
మంచి పని చేస్తున్నావు తమ్ముడూ. అమ్మగారు వెనక దిగి ఎక్కేటప్పుడు ఏమంటారో మటుకు అడిగి రాయి.

హంద్రీ_ఒడ్డు:
డీజిల్ బండి కూడా అదే రోజు, అదే ఘాట్‌కి, అదే జనంతో ఇమ్మని అడుగు. ఏసీ వేసే ఎక్కించు, ఎత్తులో ఒకసారి పూర్తిగా ఆపి మళ్ళీ కదిలించి చూడు. రెండూ తోలినాక ఇక్కడే రాయి, అప్పుడు మాట్లాడుకుందాం.