ఎస్ఆర్ 388 మీద మెట్రాయిడ్ల జాతిని తుడిచిపెట్టడం తప్పా, ఒప్పా?

పటమట ప్లేయర్
మా గ్రూపులో చాన్నాళ్లుగా నలుగుతున్న గొడవ ఇది. అక్కడ తెగట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నా మాట ముందే చెప్పేస్తున్నా: తప్పే.

ఆడనివాళ్ల కోసం కాస్త వివరం. మెట్రాయిడ్ అనే వీడియో గేమ్ సిరీస్‌లో గాల్లో తేలుతూ మీదికొచ్చే జీవి పేరు కూడా మెట్రాయిడే. పైన ఆకుపచ్చని పారదర్శకమైన బుర్ర, అందులోంచి కనబడే ఎర్రటి కణకేంద్రాలు, కింద కోరలు. పట్టుకుందంటే ప్రాణశక్తి మొత్తం పీల్చేస్తుంది. మామూలు షాట్లు దాన్ని ఏమీ చేయలేవు. ఐస్ బీమ్‌తో గడ్డకట్టించి ఐదు మిస్సైళ్లు కొడితేనే పగులుతుంది. 1986లో నింటెండో వదిలిన మొదటి గేమ్‌లోనే ఈ లెక్క ఖాయమైంది. 1991లో గేమ్‌బాయ్ మీద వచ్చిన రెండో గేమ్‌లో గెలాక్టిక్ ఫెడరేషన్ (గ్రహాల కూటమి ప్రభుత్వం) మన హీరోయిన్, బౌంటీ హంటర్ సామస్ ఆరన్‌ని వాటి సొంత గ్రహం ఎస్ఆర్ 388కి పంపుతుంది. ఆర్డరు ఒక్కటే, జాతి మొత్తం పోవాలి. ఇంకా ఎన్ని మిగిలాయో స్క్రీన్ కింద అంకె పడుతూ ఉంటుంది. 39తో మొదలవుతుంది.

సిరీస్ మొత్తంలో మెట్రాయిడ్ తనంతట తాను గ్రహం దాటిన సందర్భం ఒక్కటి చూపించండి. నాకైతే కనబడలేదు. ప్రతిసారీ ఎవడో ఒకడు మోసుకెళ్లాడు. ఫెడరేషన్ పరిశోధన ఓడ ఎస్ఆర్ 388లో దొరికినదాన్ని తీసుకొస్తుంటే స్పేస్ పైరేట్లు దారి కాసి ఎత్తుకెళ్లారు, జెబెస్ గ్రహంలోని తమ స్థావరంలో పెంచారు. 2002 నాటి ప్రైమ్ గేమ్‌లో టాలన్ ఫోర్ గ్రహానికి తెచ్చిందీ పైరేట్లే, ఫాజాన్ అనే విష పదార్థం పట్టించి ఇంకా భయంకరంగా మార్చిందీ వాళ్లే. దొంగలు వాళ్లు, దోచుకోనిచ్చింది ఫెడరేషన్. మరణశిక్ష మాత్రం పుట్టినచోట బతుకుతున్న జీవికి పడింది.

బ్రాడీపేట నాలుగో లైను
బ్రో, నువ్వు చెప్పినవన్నీ నిజమే, తీర్పు మాత్రం ఒప్పుకోను.

1994 నాటి సూపర్ మెట్రాయిడ్‌లో జెబెస్‌లోని టూరియన్ అనే చోటులోకి దిగినప్పటి సంగతి చూడు. అప్పటిదాకా మనల్ని ముప్పుతిప్పలు పెట్టిన జీవాలు అక్కడ కదలకుండా నిలబడి ఉంటాయి. రంగు పోయి, ఎండిపోయి ఉంటాయి. దగ్గరికెళ్లి ఊరికే తగిలితే చాలు, ఇసుకలా జలజలా రాలిపోతాయి. ఏం జరిగిందో ఒక్క డైలాగ్ కూడా లేకుండా అర్థమైపోతుంది. అదంతా చేసింది ఒకే ఒక్క మెట్రాయిడ్. అలాంటివి డజన్ల కొద్దీ ఉన్న గ్రహాన్ని అలాగే వదిలేద్దామా?

పైగా ఫెడరేషన్ తొందరపడి ఆర్డరు ఇవ్వలేదు. రెండో గేమ్ మాన్యువల్‌లో కథ ఉంది. ముందు పరిశోధకుల్ని పంపారు, తిరిగి రాలేదు. వెతకడానికి రక్షణ బృందం వెళ్లింది, జాడ లేదు. ఆయుధాలతో ప్రత్యేక పోలీసు దళాన్ని పంపారు, అదీ అంతే. అప్పుడుగానీ సామస్‌ని పిలవలేదు. వాళ్ల ఇళ్లలో వాళ్లకి ఏం చెప్తావు? “అది దాని సొంత గ్రహం, మనమే వెళ్లకుండా ఉండాల్సింది” అంటావా?

పటమట ప్లేయర్
అవును, అదే చెప్తాను. మూడు బృందాలూ దాని ఇంట్లోకి వెళ్లాయి.

లాం అగ్రి స్టూడెంట్
గేమ్స్ మీ అందరంత ఆడలేదు. ఈ సిరీస్‌లో డ్రెడ్, ఫ్యూజన్ అనే రెండు గేమ్స్ పూర్తిచేశాను. కానీ ఈ ప్రశ్న మా సబ్జెక్టుకి దగ్గరగా ఉంది కాబట్టి రాస్తున్నా.

మెట్రాయిడ్ ఊరికే పుట్టలేదు. ఆ గ్రహంలో ఎక్స్ అనే పరాన్నజీవి ఉంది. అది ఒంట్లోకి దూరి చంపేస్తుంది, ఆ తర్వాత చచ్చినదాని రూపం, తెలివి అన్నీ తెచ్చుకుని తిరుగుతుంది. దాన్ని తినడానికే చోజోలు అనే ప్రాచీన పక్షిజాతివాళ్లు మెట్రాయిడ్లను తయారుచేశారు. రెండో గేమ్‌లో సామస్ తినేవాటిని చంపేసింది. ఫ్యూజన్ మొదలయ్యేసరికి ఎక్స్ విచ్చలవిడిగా పెరిగిపోయింది, సామస్ ఒంట్లోకే ఎక్కింది.

డెల్టాలో వరి వేసేవాళ్లకి ఇది కథ కాదు. నాటిన నెలా నెలన్నరలో ఆకుముడత కనబడిందని భయపడి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు కొట్టేస్తారు. సాలీళ్లు, మిరిడ్ నల్లులు పోతాయి. సుడిదోమని తినేవి అవే. దోమ గుడ్లు మాత్రం ఆకు తొడుగు లోపల ఉంటాయి, వాటికి మందు తగలదు. తర్వాత పిల్లలొస్తే ఆపేవాడే ఉండడు. మొదళ్ల దగ్గర చేరి రసం పీలుస్తుంటే పైర్లు గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండిపోతాయి. దోమపోటు అంటారు మా వైపు. పొలంలోకి దిగి దుబ్బు తట్టి చూసి, సాలీళ్లు ఎన్ని, దోమలు ఎన్ని అని లెక్క పెట్టుకున్నాకే మందు డబ్బా మూత తియ్యాలని మాకు మొదటి సంవత్సరం నుంచీ చెప్తారు. ఫెడరేషన్ ఆ లెక్క పెట్టలేదు. ఇది ఏం తింటోంది, ఇది పోతే ఏం పెరుగుతుంది అని అడిగినవాడు ఒక్కడూ లేడు.

బ్రాడీపేట నాలుగో లైను
అక్కా, చాలా బాగా చెప్పారు. కానీ రెండు తేడాలున్నాయి.

ఒకటి, సాలీడు పొలంలో సహజంగా ఉన్నది. మెట్రాయిడ్‌ని చోజోలు చేతులారా తయారుచేశారు, అది వాళ్ల చేయి కూడా దాటిపోయింది. పెంకులు విడుస్తూ ఆల్ఫా, గామా, జీటా, ఒమేగా అని రూపాలు మార్చి చివరికి గుడ్లు పెట్టే క్వీన్ దాకా వెళ్లింది. రెండో గేమ్‌కి 2017లో వచ్చిన రీమేక్‌లో దాచిపెట్టిన పాత చిత్రాలు చూస్తే చోజోలే దాన్ని అదుపు చేయలేకపోయారని తెలుస్తుంది.

రెండోది, ఆర్డరు ఇచ్చిన రోజున ఎక్స్ సంగతి ఫెడరేషన్‌కి తెలీదు. తెలియని విషయానికి తప్పు పట్టడం న్యాయం కాదు.

గవర్నర్‌పేట గేమ్ పార్లర్
అందరూ పిల్ల మెట్రాయిడ్‌ని వదిలేశారేంటి? నాకు ఈ సిరీస్ అంటే అదే.

క్వీన్ చచ్చాక చివరి గుడ్డు సామస్ కళ్లముందే పగులుతుంది. బయటికొచ్చిన పిల్ల ఆమెనే తల్లి అనుకుని వెంటపడుతుంది. సామస్ గన్ ఎత్తదు. ఓడకి వెళ్లే దారిలో అడ్డుగా ఉన్న దిమ్మల్ని ఆ పిల్లే తినేసి దారి చేస్తుంది. శత్రువు ఒక్కటీ లేని ఆ దారిలో ఇద్దరూ కలిసి పైకి ఎక్కుతారు. నేను ఎన్ని గేమ్స్ ఆడినా అలాంటి ముగింపు ఇంకోటి చూడలేదు.

సూపర్‌లో అదే పిల్ల పెద్దదై, ఆకలితో సామస్‌నే పట్టుకుంటుంది. ఎనర్జీ అడుగంటుతుంది, ఇంక అయిపోయింది అనుకునేలోపు గుర్తుపట్టి వదిలేస్తుంది. పైరేట్లని నడిపించే మదర్ బ్రెయిన్‌తో పోరాటంలో తన ప్రాణం ఇచ్చి ఆమెని బతికిస్తుంది. బ్రాడీపేట అన్నా, టూరియన్‌లో ఇసుక చేసింది అదే, సామస్‌ని కాపాడిందీ అదే. ఒకటి చెప్పి ఇంకోటి వదిలేస్తే ఎలా?

బ్రాడీపేట నాలుగో లైను
వదల్లేదు తమ్ముడూ, అక్కడ నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ఆ పిల్ల సామస్‌ని గుర్తుపట్టింది, మిగతా లోకాన్ని కాదు. ఆ గదిలో ఇసుకైపోయినవాటికి అది తల్లీ కాదు, పిల్లా కాదు.

పటమట ప్లేయర్
తమ్ముడు మంచి పాయింట్ ఎత్తాడు, దాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్తా. ఫ్యూజన్‌లో ఎక్స్ పట్టి చావబోతున్న సామస్‌కి వేసిన టీకా ఆ పిల్ల కణాల నుంచే తయారైంది. అంటే ఆర్డరు అక్షరాలా అమలై ఆ గుడ్డు కూడా పోయి ఉంటే సామస్ ఉండేది కాదు, ఎక్స్‌ని ఆపడానికి ఎవరూ ఉండేవాళ్లు కాదు. గెలాక్సీ బతికింది ఆర్డరు పాటించినందుకు కాదు, చివరి క్షణంలో ఆమె పాటించనందుకు.

“తెలీదు కదా” అన్నదానికి జవాబు: తెలీనప్పుడు చేయగలిగే పనులు రెండు రకాలు. వెనక్కి తీసుకోగలిగేవి, తీసుకోలేనివి. గ్రహం చుట్టూ కాపలా పెడితే రేపు కొత్త విషయం తెలిసినప్పుడు తీసేయొచ్చు. జాతిని తుడిచేస్తే తిరిగి తేలేవు. తెలియనివాడు రెండోది ఎంచుకోవడమే నాకు నేరంగా కనబడుతోంది.

బ్రాడీపేట నాలుగో లైను
కాపలానా? ఎవరు కాస్తారు? తమ సొంత ఓడలో ఉన్న నమూనానే కాపాడుకోలేక పైరేట్లకి వదిలేసినవాళ్లా? ఆ తర్వాత సెరెస్ స్టేషన్‌లో శాస్త్రవేత్తల దగ్గర పెట్టిన ఒక్క పిల్లని పైరేట్ల నాయకుడు రిడ్లీ వచ్చి ఎత్తుకుపోతే ఏం చేయగలిగారు? ఫ్యూజన్‌లో అయితే అదే ఫెడరేషన్ స్టేషన్‌లో రహస్య ల్యాబ్ పెట్టి మళ్లీ మెట్రాయిడ్లను పెంచింది. నీ కాపలాదారు పక్కవాడికి దొరక్కుండా చూస్తూ తానే దొంగతనం చేస్తాడు. అలాంటివాళ్లున్న లోకంలో ఆ జీవి ఉన్నన్నాళ్లూ ఎవడో ఒకడు దాన్ని ఆయుధం చేస్తాడు. డ్రెడ్‌లో విలన్ రేవెన్ బీక్ కోరుకున్నదీ అదేగా. అందుకే నాకు సామస్ చేసింది కష్టమైన పనే అయినా సరైన పని.

లాం అగ్రి స్టూడెంట్
రేవెన్ బీక్ పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. డ్రెడ్ (2021)లో మిగిలిన మెట్రాయిడ్ సామసే. ఆ టీకాతో ఒంట్లోకి చేరింది చివరికి బయటపడుతుంది, ముట్టుకున్నదాని శక్తి చేతుల్తోనే పీల్చేస్తుంది. రేవెన్ బీక్ ఆమెనే ఆయుధం చేసుకోవాలనుకున్నాడు. ఆయుధంగా వాడతారు కాబట్టి జాతే ఉండకూడదు అన్న మీ సూత్రం ఆమెకీ వర్తిస్తుందా అన్నయ్యా?

బ్రాడీపేట నాలుగో లైను
వర్తించదు. తనేం చేస్తుందో తనే నిర్ణయించుకోగలదు ఆమె. గుడ్డులోంచి వచ్చిన దానికి ఆకలి తప్ప ఇంకోటి లేదు.

గవర్నర్‌పేట గేమ్ పార్లర్
మరి ఆకలి తప్ప ఇంకోటి లేనిది పీలుస్తున్నది మధ్యలో ఎందుకు వదిలేసింది అన్నా?