వ్యాధి బయటపడిన దేశం ఒప్పుకోకపోతే ఆరోగ్య అత్యవసర ప్రకటన ఆగిపోతుందా?

బొబ్బిలి దగ్గర హైస్కూల్లో సైన్స్ చెబుతాను. అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి మీద సోమవారానికి పిల్లలతో చార్టు వేయిస్తున్నాను. ‘నిర్ణయం ఎవరిది?’ అన్న గడిలో రెండుసార్లు రాసి చెరిపాం, అక్కడ కాగితం పలచబడిపోయింది.

2022 జూలై 23న నిపుణుల అత్యవసర కమిటీలో ఏకాభిప్రాయం రాకపోయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ టెడ్రోస్ ఎంపాక్స్ (మంకీపాక్స్)పై ఈ ప్రకటన చేశారు. అంటే కమిటీది సలహా మాత్రమే, అంతవరకు తేలింది. 2005 అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో 12వ అధికరణం మూడుసార్లు చదివాను. వ్యాధి బయటపడిన దేశంతో సంప్రదించాలట, 48 గంటల్లో ఏకాభిప్రాయం కుదరకపోతే 49వ అధికరణం ప్రకారం వెళ్లాలట. నాకు తికమక అక్కడే. స్టాఫ్‌రూమ్‌లో అడిగితే తలో మాట చెప్పారు.

ఆ దేశం వద్దన్నా డైరెక్టర్ జనరల్ ప్రకటించవచ్చా?