సమస్యాపూరణం: ‘కన్న కూతురె తల్లికిఁ గన్నతల్లి’

నిర్వాహకుడు: ఈసారి వస్తువు మూడు నాలుగేళ్ల పిల్లల ముద్దుచేష్టలు, ఛందస్సు తేటగీతి. కూతురు తన తల్లిని కనడం లోకంలో లేదు కనుక, చివరి పాదంగా ఇచ్చిన ఈ మాటలోని ఆ విరోధాన్ని ముందు మూడు పాదాలు రాసి చేసే పూరణ పోగొట్టాలి. గణాలంటే లఘుగురువుల (పొట్టి, పొడుగు అక్షరాల) గుంపులు; ప్రతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు ఉండాలి. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొందిక, నాలుగో గణం మొదటి అక్షరానికి పడుతుంది; దాని బదులు ఆ రెండు చోట్ల రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది. కవిపండితులను ఆదరించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న గద్వాల సంస్థానం మన పాలమూరు (మహబూబ్‌నగర్) సీమదే కాబట్టి, నియమాలలో సడలింపు అడగవద్దని మనవి.

వనపర్తి సభ్యుని పూరణ:

మేన యొడిలోన నాడిన మేటి శిశువు
పర్వతేశ్వరు కూతురు పార్వతి యట
జగము లన్నియుఁ గన్నట్టి జనని గాన
కన్న కూతురె తల్లికిఁ గన్నతల్లి

నిర్వాహకుడు: జగన్మాత తన తల్లి మేనకు కూడా తల్లే అన్న సమర్థనతో విరోధం పూర్తిగా తొలగింది, గణయతులూ సరిగానే ఉన్నాయి. అయితే ‘మేటి’, ‘యట’ పాదం నింపడానికే వచ్చాయి. పైగా ఒడిలో ఆడిన శిశువు ఏం చేసిందో పద్యం చెప్పలేదు. మనం అడిగింది ఆ చేష్టనే.

మహబూబ్‌నగర్ సభ్యురాలి పూరణ:

చిన్ని చేతులఁ దుంచిన జొన్నరొట్టె
ముక్క నోటికి నందించి ముద్దుగ నను
“బూచి యెత్తుక పోవును, బువ్వ తినుము!”
కన్న కూతురె తల్లికిఁ గన్నతల్లి

వనపర్తి సభ్యుడు: చాలా బాగుంది అక్కయ్యా. తల్లి రోజూ పెట్టే బెదిరింపునే బిడ్డ తిరిగి ఆమెకు అప్పజెప్పడంతో, పాత్రలు తారుమారైన సంగతి ఎవరూ వివరించకుండానే తెలిసిపోయింది. ఒక్క మాట: మన పిల్లలెవరూ ‘తినుము’ అనరు. ‘తినవె’ అంటే మూడు లఘువుల నగణం చెడదు, ఇంటి మాటా నిలుస్తుంది.

మహబూబ్‌నగర్ సభ్యురాలు: అంగీకరిస్తున్నాను అన్నగారూ. మా పాప నిజంగా అన్నమాట అదే; వ్యాకరణానికి జంకి మార్చాను.

నల్లగొండ సభ్యురాలి పూరణ:

వేడి పెనమంటి బొబ్బెక్క వేలికొనను
ఊది యూదియు బుగ్గలు వాచిపోవ
“ఏడవకు మమ్మ!” యని తానె యేడ్చుచుండె
కన్న కూతురె తల్లికిఁ గన్నతల్లి

నిర్వాహకుడు: రెండో పాదంలో గణాలు కుదిరాయి కాని ‘ఊ’కు ‘వా’ యతి చెల్లదు. ‘ఊది యూదియు బుగ్గలే యుబ్బిపోవ’ అంటే అచ్చులు కలిసే స్వరయతి సరిపోతుంది. మూడో పాదాన్ని మాత్రం ఎవరూ ముట్టవద్దు. కాలింది తల్లి వేలు, ఏడుస్తున్నది బిడ్డ. ఓదార్చవలసిన మనిషిగా తనను తాను నిలుపుకొని, ఆ పని చేతకాక కన్నీరు పెట్టుకునే ఆ వయసు మొత్తం ఆ ఒక్క పాదంలో ఉంది. పిల్లలను చంద్రుడితోనో పువ్వుతోనో పోల్చే పద్యాలు మనకు కొదవ లేవు, ఇలా చూసి రాసినవి అరుదు. నా దృష్టిలో ఈ వారం ఉత్తమ పూరణ ఇదే.

వనపర్తి సభ్యుడు: నాకూ అదే నచ్చింది. నా పూరణను పక్కన పెట్టి, పాపను చూసి మరొకటి రాస్తాను.

నిర్వాహకుడు: తప్పక రాయండి. బతుకమ్మ పేరుస్తున్న తల్లి పక్కన కూర్చొని, తంగేడు పూలు తీసి ఆమె కొప్పులో తురిమే పిల్ల మీద ఇంకా ఎవరూ పూరణ పంపలేదు.