అప్‌డేట్: బీరువా వెనక బూజు, కారణం దొరికింది

విశాఖలో మా అద్దె ఇంట్లో బీరువా వెనక గోడకు నల్లగా బూజు పడుతోందని, ఇంటి యజమాని "సముద్రం దగ్గర ఇల్లు, మామూలే" అంటున్నారని నెల కిందట అడిగాను కదా. మీలో ఒకరు చెప్పినట్టు గోడకు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు వదిలేశాను. మర్నాడు చూస్తే పైన పొడిగానే ఉంది, గోడ వైపు ముత్యాల్లా నీటి బొట్లు! అంటే చెమ్మ గాలిలోది కాదు, గోడలోదే. ఫొటో చూశాక ఆయన మారుమాట్లాడకుండా ప్లంబరును పంపారు. అవతలి స్నానాలగది గోడలో పైపు కారుతోంది. మార్చారు. రంగు ఇప్పుడే వద్దన్నాను. పోయినసారి తడి మీదే వేస్తే పొరలుగా రాలింది. బీరువాను జానెడు ముందుకు జరిపాను. అడుగు అరలోని పట్టుచీరకు పట్టిన వాసన ఇంకా పోలేదు. అది అమ్మది. ఆవిడకు చెప్పలేదు.