ప్రోగ్రామింగ్ పత్రికకు అచ్చు ప్రతి: పేజీ సైజు, కోడ్ లిస్టింగులు, కాపీల లెక్క

సెమీకోలన్:
పీడీఎఫ్‌గా మాత్రమే వస్తున్న మా చిన్న ప్రోగ్రామింగ్ పత్రికను అచ్చు వేయించాలనుకుంటున్నాం. లోపల 48 పేజీలు, అట్ట విడిగా. మూడో వంతు పేజీల్లో కోడ్ ఉంటుంది. పీడీఎఫ్ ఏ4లో ఉంది, కోడ్ రంగుల్లో ఉంది, వరుసకు 80 అక్షరాల దాకా వస్తాయి. ఏ5కి మార్చవచ్చా? ప్రెస్‌కు వెళ్లేముందు ఏమేం తేల్చుకోవాలి? మొదటి సంచికకు ఎన్ని కాపీలు?

అచ్చుగది:
ముందు కోడ్ వరుస పొడవు తేల్చండి. పేజీ సైజు దాన్నిబట్టే వస్తుంది.

మోనోస్పేస్ ఫాంట్లలో (అన్ని అక్షరాలూ ఒకే వెడల్పుండేవి, కోడ్‌కు వాడేవి) అక్షరం వెడల్పు సాధారణంగా ఫాంట్ సైజులో 0.6 వంతు. 8 పాయింట్ల కోడ్‌లో ఒక్కో అక్షరానికి 4.8 పాయింట్లు, అంటే దాదాపు 1.7 మి.మీ. ఏ5 వెడల్పు 148 మి.మీ. అటూ ఇటూ 15 చొప్పున మార్జిన్ తీసేస్తే మిగిలేది 118. అందులో 69 అక్షరాలు పడతాయి. 9 పాయింట్లయితే 61. 80 పట్టించాలంటే ఫాంట్ 7 పాయింట్లకు దిగిపోతుంది, అప్పుడు చుక్కకూ కామాకూ తేడా కనిపించదు. వరుస నంబర్లు వేస్తే ఇంకో మూడు నాలుగు అక్షరాలు పోతాయి.

80 వదులుకోలేకపోతే బీ5 (176 × 250) చూడండి. అవే మార్జిన్లతో 8 పాయింట్లకు 86 పడతాయి. అయితే మీ ప్రెస్ వాడే షీటులో ఆ సైజుకు ఎంత కాగితం వృథా అవుతుందో అడగండి. నా ఓటు మాత్రం ఏ5కే: వరుసకు 66 అక్షరాలు మించకూడదని రచయితలకు ముందే చెప్పండి, పొడవైన వరుసలను వాళ్లనే విరవమనండి. లేఅవుట్ చేసేవాళ్లు విరిస్తే పైథాన్‌లో ఇండెంటేషన్ (వరుస మొదట్లో వదిలే ఖాళీ) చెడి అర్థమే మారిపోతుంది.

అసలు ప్రమాదం కోడ్‌ను లేఅవుట్‌లోకి అతికించే చోట ఉంది. నిటారు కొటేషన్లు వంకర కొటేషన్లవుతాయి, రెండు హైఫన్లు కలిసి ఒక డాష్ అవుతాయి, లిగేచర్ (పక్కపక్క గుర్తులను కలిపి ఒకటిగా చూపే ఏర్పాటు) ఉన్న ఫాంటయితే రెండు గుర్తులు కలిసి కీబోర్డు మీద లేని గుర్తులా కనిపిస్తాయి. కోడ్ స్టైల్‌కు ఆటో కరెక్షన్, హైఫనేషన్, లిగేచర్లు మూడూ ఆపేయండి. ప్రతి లిస్టింగునూ విడి ఫైలుగా పెట్టి, నడిపి చూసిన ఆ ఫైలు నుంచే పేజీలోకి తెచ్చుకోండి. 1980లలో లిస్టింగు పక్కనే చెక్‌సమ్ (సరిచూసుకోవడానికి వరుసలోని అక్షరాల నుంచి లెక్కకట్టిన సంఖ్య) అచ్చువేసిన పత్రికలున్నాయి, టైపు చేసేటప్పుడు దొర్లిన తప్పు పాఠకుడికి వెంటనే తెలిసేది. ఇప్పుడది అవసరం లేదు కానీ ఆ శ్రద్ధ అవసరం.

నలుపు100:
రంగుల కోడ్ గురించి. లోపలి పేజీలు ఒక్క నలుపులో వేస్తే మీ రంగులన్నీ బూడిద రంగుకు మారతాయి. బూడిద రంగు చిన్న చిన్న చుక్కలుగా పడుతుంది కాబట్టి సన్నటి అక్షరాల అంచులు విరిగినట్టు ఉంటాయి. కీవర్డులు బోల్డ్, కామెంట్లు ఇటాలిక్, అన్నీ 100 శాతం నలుపు: అది చాలు.

నాలుగు రంగుల్లో వేసినా ఇదే జాగ్రత్త. ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల పద్ధతి) నలుపును సీఎంవైకేలోకి (అచ్చులో వాడే నాలుగు సిరాల పద్ధతి) మారిస్తే తరచూ నాలుగు సిరాల మిశ్రమం అవుతుంది. ఒక్కో సిరాకు వాడే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల వెనక రంగు నీడ పడుతుంది. ఫైలు పంపేముందు సెపరేషన్ ప్రివ్యూలో (ఒక్కో సిరానూ విడిగా చూపేది) నలుపు ఒక్కటే ఉంచి చూడండి, తర్వాత అది ఆపి మిగతా మూడూ చూడండి. అక్షరాలు ఆ మూడింట్లో కనిపించకూడదు.

డార్క్ థీమ్ స్క్రీన్‌షాట్లు వద్దు. సిరా పాకి తెల్లటి సన్నగీతలు పూడిపోతాయి. 118 మి.మీ. వెడల్పు బొమ్మకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) దగ్గర సుమారు 1,400 పిక్సెళ్లు కావాలి.

48 పేజీలకు మధ్యలో పిన్ కొట్టించండి. పేజీల సంఖ్య 4తో భాగించబడాలి, మీది సరిపోయింది. పర్ఫెక్ట్ బైండింగ్ (వెన్ను దగ్గర జిగురుతో అంటించిన) పుస్తకం బల్లమీద పరిచి ఉంచితే మూసుకుపోతుంది, కోడ్ చూస్తూ టైపు చేసేవాళ్లకు చిరాకు. పిన్ బైండింగ్‌లో నడిమి పేజీలు ఒక మి.మీ. పైచిలుకు బయటికి జరిగి కటింగులో పోతాయి కనుక బయటి అంచుకు 10 మి.మీ. లోపల ఏ అక్షరమూ పెట్టొద్దు. అంచుదాకా వెళ్లే బొమ్మలకు 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరించే గీత దాటి బయటికి ఉంచే బొమ్మ భాగం) ఇవ్వండి. ఫైలులో పేజీలు విడివిడిగా ఉండాలి, జతలు కట్టే పని ప్రెస్‌ది.

సెమీకోలన్:
ధన్యవాదాలండి, 66కే వెళ్తాం. లింకులు, కాపీల సంఖ్య సంగతి కూడా ఎవరైనా చెప్తారా?

తపాలాసంచి:
కాగితం మీది లింకును తర్వాత దిద్దలేరు. ప్రతి లింకునూ మీ సొంత డొమైన్ మీద చిన్న చిరునామాగా వేసి, అసలు పేజీకి దారి మళ్లించండి. అసలు పేజీ మారితే మళ్లింపు మార్చుకోవచ్చు. క్యూఆర్ కోడ్ పక్కన ఆ చిరునామా అక్షరాల్లోనూ ఉండాలి. కోడ్ రిపాజిటరీలో (కోడ్ ఫైళ్లు దాచే చోట) సంచికకో ట్యాగ్ (ఆ సంచికలోని కోడ్‌ను గుర్తించే పేరు) పెట్టండి, సవరణల పేజీ చిరునామా మొదటి పేజీలోనే వేయండి.

కాపీల లెక్క: ముందస్తు ఆర్డర్లు, రచయితల ప్రతులు కలిపి, తపాలాలో పోయేవీ నలిగేవీ అని పైన 10 శాతం వేసుకోండి. వందల్లో ఉంటే డిజిటల్ ప్రింటింగే మేలు, ఎందుకంటే ప్లేట్లు చేసి అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు కాపీలు తగ్గినా తగ్గదు. మొదట్లో ఏడాది చందా తీసుకోకండి. ఇంకా రాయని సంచికలకు డబ్బు బాకీ పడినట్టే. ఒక్కో సంచికకు విడిగా అమ్మండి.

బరువు ముందే కట్టుకోవచ్చు. ఏ5 ఆకు చదరపు మీటరులో 32వ వంతు. 48 పేజీలంటే 24 ఆకులు, 90 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితానికి 67.5 గ్రాములు. 250 జీఎస్‌ఎం అట్టకు సుమారు 16. మొత్తం 83 గ్రాములు, కవరు అదనం. ఇది తపాలా రేటులో ఏ అంచెలో పడుతుందో చూశాకే కాగితం ఖరారు చేయండి. 80 జీఎస్‌ఎం‌కు దిగితే 7.5 గ్రాములు తగ్గుతాయి గానీ వెనకపేజీ కోడ్ ఇటు కనబడే అవకాశం పెరుగుతుంది.

పాత వ్యాసాలు వేస్తుంటే రచయితల నుంచి అచ్చుకు విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఐఎస్ఎస్ఎన్ (పత్రికల గుర్తింపు నంబరు) కూడా అచ్చు ప్రతికి వేరే నంబరు, ఆన్‌లైన్ ప్రతిది వాడకూడదు.

అచ్చుగది:
ఒకటి కలుపుతాను. మొత్తం అచ్చుకు సరే అనేముందు అదే కాగితం మీద, అదే మెషీన్‌లో, పిన్ కొట్టి కత్తిరించిన ఒక ప్రతి అడగండి. అందులో కోడ్ ఎక్కువున్న పేజీని, పత్రికతో సంబంధం లేని ఒకరిచేత చూసి టైపు చేయించి నడపండి. ఎల్ అక్షరమూ ఒకటి అంకే, ఓ అక్షరమూ సున్నా ఒకేలా ఉన్నాయా అన్నది అక్కడే బయటపడుతుంది.