‘తెరు వెద్ది?’ – ప్రవరుడి పద్యం, మన సరిహద్దు ఊళ్ళ బెంగ

పర్లాకిమిడి నుంచి:

ఒడిశాలో ఉన్న మా ఊళ్ళో తెలుగువాళ్ళం కొందరం ఆదివారాలు ఎవరో ఒకరి ఇంట్లో చేరి ఒక పద్యం చదువుకుంటాం. దాన్ని పట్టుకుని తలా ఒక పేజీ రాసి వినిపించుకుంటాం. ఈసారి విషయం ఇంటి మీద బెంగ. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ఈ పద్యం ఇచ్చాను.

ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ! యొంటిఁ జరించె దోట లే
కివ్వనభూమి, భూసురుఁడ నేఁ బ్రవరాఖ్యుఁడఁ, ద్రోవ తప్పితిన్
గ్రొవ్వున నిన్నగాగ్రమునకున్ జనుదెంచి. పురంబుఁ జేర నిం
కెవ్విధిఁ గాంతుఁ? దెల్పఁగదవే తెరు వెద్ది శుభంబు నీ కగున్.

కథ అందరికీ తెలిసిందే. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు రాసుకుని ప్రవరుడు హిమాలయానికి వెళ్ళాడు. మంచుకు ఆ పసరు కరిగిపోయింది. ఇంటికి దారి తెలియక, అక్కడ కనిపించిన వరూధిని అనే అప్సరసను అడుగుతున్నాడు.

నాకు ఇందులో బెంగ మాటల్లో కన్నా పద్యం నడకలో ఎక్కువ వినిపిస్తుంది. మొదటి పాదం చివర ‘లేక’ విరిగి, సగం కింది పాదంలోకి జారింది. మూడో పాదం చివర ‘ఇంక’ కూడా అంతే. ‘త్రోవ తప్పితిన్’ అని రెండో పాదం ముగిసినా, ఎందుకు తప్పాడో చెప్పే ‘గ్రొవ్వున’ (పొగరుతో) మూడో పాదంలో ఉంది. ఊపిరి తీసుకోకుండా తనెవరో, ఏం చేసి వచ్చాడో అంతా చెప్పేసి, జవాబు రాకముందే ‘శుభంబు నీ కగున్’ అని దీవించేస్తాడు. ఇల్లు చేరాలని ప్రాణం కొట్టుకునే మనిషి మాట్లాడే తీరు ఇదే. పెద్దన ఈ పద్యంలో ఎక్కడా ‘దుఃఖించాడు’ అనలేదు చూడండి.

మీకేమనిపిస్తోంది?

బరంపురం నుంచి:

మాస్టారూ, నడక గురించి మీరన్నది నిజం. కానీ ఈ పద్యం మనకు అతకదేమో. ప్రవరుడు కావాలని పోయాడు, ‘గ్రొవ్వున’ అని తనే అంటున్నాడు. అతనికి కావలసినవి అగ్నిహోత్రం, ముసలి తల్లిదండ్రులు, భార్య. మనం ఎక్కడికి పోయాం? 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, మద్రాసు కింద ఉన్న మన ఊళ్ళు అందులోకి వచ్చాయి. మా తాతగారు పుట్టిన వీధిలోనే నేనూ ఉన్నాను. ఇంట్లోనే ఉన్నవాడికి ఇంటి మీద బెంగ ఏమిటి? రాద్దామని కూర్చున్నా, ఒక్క వాక్యం రాలేదు.

గుణుపూర్ నుంచి:

బెంగ ఉంది అన్నయ్యా. ఊరు కదల్లేదు కానీ బడి మారింది. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాసేది మాత్రం ఒడియాలోనే. వాళ్ళకి తెలుగు చెవిలో ఉంది, చేతిలో లేదు.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి అక్కడి గిరిజనుల భాష సవర నేర్చుకున్నారు. నిఘంటువు కూర్చి, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆయనే పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అదే ఏడాది మంగేయి గమాంగ సవరకు సొంత లిపి చేశారు. ఈ రెండూ ఒకే ఏడాది జరిగాయని తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పక్కవాళ్ళ భాష కోసం అంత చేసిన ఊళ్ళో మన పిల్లలు ఏ లిపిలో రాస్తే ఏమిటి, రాయనివ్వండి.

పర్లాకిమిడి నుంచి:

మీరు ఆ మాట అన్నారు కాబట్టి మొన్న ఆదివారం జరిగింది చెబుతాను. కాలేజీ చదివే ఒక అమ్మాయి వచ్చింది. తెలుగు అక్షరాలు రావు. పద్యం వింటూ ఒడియా లిపిలో రాసుకుంది. తిరిగి చదివితే మొదటి గణమే తప్పింది. ఒడియా లిపిలో ఎ, ఏలకు ఒకే అక్షరం. ‘ఎవ్వతె’ కాస్తా ‘ఏవ్వతే’ అయిపోయి, చివరి లఘువు గురువై భగణం (ఒక గురువు, రెండు లఘువులు) పోయింది. ‘చరించెద’లో ‘చె’ దగ్గరా అదే చిక్కు. గురువు, లఘువు ఏమిటో చెప్పాను. కాసేపు ఆలోచించి, పొట్టి ‘ఎ’ వచ్చిన చోటల్లా కింద చుక్క పెట్టుకుని మళ్ళీ చదివింది. ఉత్పలమాల చక్కగా నడిచింది! ఆ చుక్క ఎవరూ నేర్పింది కాదు.

తర్వాత తన పేజీ చదివింది. వాళ్ళ నాయనమ్మ సాయంత్రం అరుగు మీద నుంచి ‘బేగి రాయే’ అని పిలవడం గురించి. మాలో ఒక పెద్దాయన ‘త్వరగా రావే’ అని దిద్దమన్నారు. ఆ అమ్మాయి మర్యాదగానే, ‘అలా దిద్దితే మా నాయనమ్మ కాదండీ’ అంది. నాకు చాలా సంతోషం వేసింది. వాడుక భాష కోసం గిడుగు వారు వాదించిన ఊళ్ళో ‘బేగి’ని దిద్దడం నాకు నచ్చదు. పెద్దాయన కూడా ఆఖరికి, రెండోసారి చదవమ్మా అన్నారు.

బరంపురం అన్నయ్యా, మీ ప్రశ్నకు నా జవాబు ఈ అమ్మాయి పేజీయే. ఇల్లు వదలకపోయినా, ఆ ఇంటి మాట కాగితం మీదకు రాకపోతే బెంగే. మీకు వాక్యం రాకపోవడానికి పుస్తకాల తెలుగులో వెతకడం కారణమేమో. మీ వీధిలో మిమ్మల్ని ఎలా పిలుస్తారో అక్కణ్ణుంచి మొదలుపెట్టి చూడండి.

వచ్చే వారానికి వరూధిని జవాబు తీసుకుంటున్నాం. ‘ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర’ అని మొదలయ్యే పద్యం. రాగయుక్తంగా చదవగలిగిన వాళ్ళు రికార్డు చేసి పంపితే, ఆ అమ్మాయి విని రాసుకుంటానంటోంది. కొంచెం నిదానంగా చదవండి, పొట్టి ‘ఎ’లు తెలియాలి.